వంశవృక్షంలో పై గడి ఎవరిది: డచ్చి సార్జెంటుదా, పేరు లేని ఆ తల్లిదా?

భీమిలి_మనవరాలు

మా తాతయ్య వాళ్లది భీమునిపట్నం. ఇంటిపేరు డచ్చి పేరు. ఈ డిసెంబరులో మూడు దేశాల నుంచి చుట్టాలందరూ వైజాగ్ వస్తున్నారు. పెర్త్‌లో ఉండే మా మామయ్య ఆరేళ్లు కష్టపడి వంశవృక్షం తయారుచేశారు. ఇక అచ్చుకు ఇవ్వడమే తరువాయి. పై గడిలో డచ్చి ఈస్టిండియా కంపెనీ సార్జెంటు ఒకాయన ఉన్నారు. ఆయన కింద "కొడుకు" అని ఒక గుమాస్తా. మాకు కాగితం మీద గట్టిగా దొరికే మొదటి మనిషి ఈ గుమాస్తాయే. 1820ల్లో ఆయన కొడుక్కి బాప్తిస్మం ఇచ్చినప్పటి ఎంట్రీ నకలు నా దగ్గరుంది.

నా గొడవ రెండు విషయాల మీద. సార్జెంటుకీ గుమాస్తాకీ ఇంటిపేరు ఒకటే కావడం తప్ప వేరే ఆధారం లేదు. రెండోది నన్ను ఇంకా బాధపెడుతోంది. ఆ ఎంట్రీలో తండ్రి పేరు, ఉద్యోగం, ఊరు అన్నీ గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. తల్లి దగ్గరికొచ్చేసరికి "నేటివ్ స్త్రీ" అని రెండే మాటలు. మామయ్య చార్టులో ఆవిడకి గడే లేదు, తండ్రి నుంచి కొడుక్కి నేరుగా గీత గీసేశారు. ఆధారం లేని మనిషిని పైన కూర్చోబెట్టి, కాగితంలో కనిపిస్తున్న తల్లిని వదిలేయడం న్యాయమేనా?

బందరుకోట

అమ్మా, పెద్దవాళ్లు చెప్పుకుంటూ వచ్చిన మాటని అంత తేలిగ్గా తీసెయ్యకండి. మా బందరులో వలందపాలెం (వలందులంటే డచ్చివాళ్లే) ఉంది, ఫరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. ఏ కాగితం చూసి ఈ పేర్లు నిలబెట్టారు? జనం నోట్లో నాని నిలబడ్డాయి. డచ్చివాళ్లు ఇక్కడ అడుగుపెట్టింది 1605లో. మీ భీమిలిలోనూ, మా బందరులోనూ వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఒకే ఇంటిపేరు, ఒకే తీరం, ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే మాట. ఈ మూడూ కలిస్తే నా మటుకు నాకు అదే సాక్ష్యం. 1864 నవంబరు ఉప్పెనలో బందరు చుట్టుపక్కల 30,000 మంది దాకా పోయారు. అలాంటి తీరంలో ప్రతి దానికీ కాగితం చూపించమంటే ఎవరూ చూపించలేరు.

పాతకాగితాలు

బందరుకోట గారూ, మీ ఊరి పేర్లు డచ్చివాళ్లు ఉన్నారని చెబుతాయి, నేనూ ఒప్పుకుంటాను. ఫలానా ఇంటికి ఫలానా సార్జెంటు తాత అని మాత్రం చెప్పవు. పదేళ్లుగా ఇలాంటి కుటుంబాలకి రికార్డులు వెతికిపెడుతున్నాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

డచ్చి కంపెనీ దాదాపు రెండు వందల ఏళ్లలో ఆసియాకి పంపినవాళ్లు 10 లక్షలకు దగ్గరగా ఉంటారు. వాళ్లలో తిరిగి వెళ్లింది మూడో వంతే. సైనికుల్లో చాలామంది అసలు డచ్చివాళ్లే కాదు. జర్మన్ ఊళ్ల నుంచి, స్కాండినేవియా నుంచి కూలికి వచ్చినవాళ్లు. పైగా హాలండ్‌లో అందరికీ స్థిరమైన ఇంటిపేరు తప్పనిసరి అయింది 1811లో, నెపోలియన్ పాలనలో. అంతకు ముందు జాన్సెన్ అంటే జాన్ కొడుకు, అంతే. అదే పేరుతో ఒకే ఓడలో ఒకరికొకరు ఏమీ కానివాళ్లు నలుగురు ఉండొచ్చు.

ఇంకో చిక్కుంది. మన తీరంలో ఐరోపా ఇంటిపేరు రక్తంతోనే రానక్కర్లేదు. బాప్తిస్మం ఇప్పించిన జ్ఞానపిత పేరు పెట్టుకున్నవాళ్లున్నారు, యజమాని పేరు పెట్టుకున్న పనివాళ్లున్నారు. పెరీరా, డిసిల్వా అనగానే పోర్చుగీసు రక్తం అనుకోకూడదనేది కూడా ఇందుకే.

మరి వెతకాల్సింది ఎక్కడంటే, కంపెనీ జీతాల పుస్తకాలు హేగ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటి సూచిక ఆన్‌లైన్లో ఉచితం. ఒక్కో ఉద్యోగి ఏ ఊరివాడు, ఏ ఓడెక్కాడు, ఏ హోదా, ఉద్యోగం ఎప్పుడు ఎలా ముగిసింది అన్నీ రాసుంటాయి. కానీ ఆ వరస 1790ల్లో ఆగిపోతుంది. 1795లో ఇంగ్లీషువాళ్లు డచ్చి స్థావరాలు పట్టుకున్నారు, 1818లో తిరిగిచ్చారు, 1825లో పూర్తిగా తీసుకున్నారు. మీ గుమాస్తా పుట్టి పెరిగింది సరిగ్గా ఈ సందులోనే. ఇంగ్లీషు పాలనలో చాప్లెయిన్లు, అంటే కంపెనీ పాదిరీలు, రాసిన బాప్తిస్మం, పెళ్లి, సమాధి ఎంట్రీల నకళ్లు మద్రాసు మీదుగా లండన్‌కి వెళ్లేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, మద్రాసు వరస 1698 నుంచి దొరుకుతుంది. ముందు గుమాస్తా చనిపోయిన ఎంట్రీ పట్టుకోండి. వయసు రాసుంటే పుట్టిన ఏడాది తేలుతుంది. సార్జెంటు అప్పటికే చనిపోయి ఉంటే ఈ వాదనే అక్కర్లేదు.

అది తేలేదాకా గీత వద్దు. చుక్కలు పెట్టుకోండి.

లాలాగుడ_క్వార్టర్స్

రికార్డుల సంగతి సరే, మనుషుల సంగతి కూడా వినండి. మాది ఆంగ్లో ఇండియన్ కుటుంబం, మూడు తరాలు రైల్వేలోనే. మీ మామయ్య తండ్రుల గీత ఒక్కటే ఎందుకు గీశారో నాకు అర్థమవుతుంది. ఆయన గర్వం కోసం గీసి ఉండరు. మాకు నేర్పిందే ఆ లెక్క. ఆంగ్లో ఇండియన్ అంటే ఎవరో చెప్పే రాజ్యాంగం 366(2) అధికరణం చదవండి. తండ్రి గానీ, తండ్రి వైపు పురుషుల్లో ఒకరు గానీ ఐరోపా సంతతి అయి ఉండాలి అంటుంది. తల్లి ఊసే ఉండదు. అంతకు ముందు 1791లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ, తల్లిదండ్రుల్లో ఒకరు నేటివ్ అయితే సివిల్, మిలిటరీ ఉద్యోగాలకి పనికిరారని తలుపులు మూసింది. తర్వాత రైల్వే, టెలిగ్రాఫ్ ఉద్యోగాలు మావాళ్లకి అన్నం పెట్టాయి. అక్కడ అడిగిందీ తండ్రి ఎవరనే. మా నాన్నమ్మ ట్రంకు పెట్టెలో బాబాయిల బాప్తిస్మం సర్టిఫికెట్లు నూనెగుడ్డలో చుట్టి ఉండేవి, బంగారం కంటే జాగ్రత్తగా. తల్లి పేరు రాయకపోవడం అన్యాయమే. కానీ ఆ అన్యాయం మీ మామయ్యది కాదు.

భీమిలి_మనవరాలు

లాలాగుడ గారూ, మీ మాట నాకు గట్టిగా తగిలింది. మామయ్య మీద కోపంతో ఈ ప్రశ్న వేయలేదు. అయితే ఇప్పుడు ఆ చార్టు చూపించి ఎవరూ ఉద్యోగం అడగబోవడం లేదు కదండీ. చట్టసభల్లో ఆంగ్లో ఇండియన్లకిచ్చే నామినేటెడ్ సీట్లు కూడా 2020 జనవరితో పోయాయి. ఆ లెక్కని ఇంకా మనమే ఎందుకు మోయాలి?

మొన్న ఒక సంగతి చదివాను. 1687లో ఇంగ్లీషు కంపెనీ లండన్ డైరెక్టర్లు మద్రాసుకి ఉత్తరం రాశారు. మన సైనికులు నేటివ్ స్త్రీలను పెళ్లాడితే మంచిది, బిడ్డకి బాప్తిస్మం జరిగిన రోజున తల్లికి ఒక వరహా ఇచ్చినా దండగ కాదు అని. తల్లి లేకపోతే వాళ్ల కోటకి మనుషులు లేరని వాళ్లకి తెలుసు. మా ఎంట్రీ రాసిన చాప్లెయిన్ ఎదురుగా కూడా ఆవిడ బిడ్డనెత్తుకుని నిలబడి ఉండొచ్చు. పేరేమిటని అడగడానికి ఎంతసేపు పడుతుంది?

బయో_లెక్చరర్

ఎవరో ఒకరు డీఎన్ఏ అంటారని ముందే చెబుతున్నా. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది, కాబట్టి మామయ్య గారు ఆ టెస్ట్ చేయించుకుంటే తండ్రుల వరస ఐరోపాదా కాదా తెలియవచ్చు. ఆ సార్జెంటేనని తేలదు. అందుకు ఐరోపాలో ఆ సార్జెంటు అన్నదమ్ముల వంశంలోని మగవాళ్లతో పోల్చాలి. ఇక ఆ తల్లి సంగతి. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచి వస్తుంది గానీ కొడుకు దగ్గర ఆగిపోతుంది. బాప్తిస్మం పొందింది మగబిడ్డ కాబట్టి ఆవిడది మీ ఎవరికీ రాలేదు. మిగతా డీఎన్ఏ తరతరానికీ సగమవుతుంది. ఎనిమిది తరాల పైన 256 మంది పూర్వీకులు, ఒక్కొక్కరి వాటా సగటున 0.4 శాతం. కొందరిది అసలు మిగలకపోవచ్చు.

బందరుకోట

పాతకాగితాలు గారి సందు సంగతి నేను ఆలోచించలేదు, అక్కడ వెనక్కి తగ్గుతున్నాను. చుక్కల గీత న్యాయమే. తల్లి గడి విషయంలో మటుకు అమ్మాయి వైపే. మా ఇంట్లో తర్పణాలప్పుడు తల్లి, నాయనమ్మ, ముత్తమ్మ పేర్లు కూడా చెప్పి నీళ్లు వదులుతాం. ఆవిడకి గడి ఇచ్చి "తెలుగు తల్లి" అని రాయండి. ఆ తీరంలో ఇంకెవరవుతారు?

పాతకాగితాలు

లేదండీ, అక్కడే ఆగాలి. రిజిస్టరులో ఉన్నది "నేటివ్" అనే, "తెలుగు" అని లేదు. డచ్చి కంపెనీ అరకాన్ (ఇప్పటి మయన్మార్ తీరం) నుంచి, బెంగాల్ నుంచి, మన కోరమాండల్ నుంచి కూడా మనుషుల్ని కొని ఓడల్లో తరలించింది. ఆ ఇళ్లల్లో బానిసలుండేవారు. ఆవిడ భీమిలి జాలరిపేట పిల్ల కావచ్చు, అరకాన్ నుంచి తెచ్చిన అమ్మాయి కూతురు కావచ్చు, ఇంకో మిశ్రమ కుటుంబం పిల్ల కూడా కావచ్చు. ఇంటిపేరు చూసి మామయ్య సార్జెంటుని తెచ్చారు. ఊరు చూసి మనం తెలుగు తల్లిని తెస్తే తేడా ఏముంది?

లాలాగుడ_క్వార్టర్స్

ఇది ఒప్పుకోవాల్సిన మాటే. కాకపోతే సార్జెంటుని పూర్తిగా తీసేస్తే మీ మామయ్య ఆరేళ్ల కష్టం పోయినట్టు బాధపడతారు. పక్కన చిన్న అక్షరాల్లోనైనా ఉంచండి.

భీమిలి_మనవరాలు

రాత్రి మామయ్యతో గంటన్నర మాట్లాడాను. సార్జెంటుని తీయడానికి ఒప్పుకోలేదు. చుక్కల గీతకి, పక్కన "ఇంటి మాట" అని రాయడానికి ఒప్పుకున్నారు. గుమాస్తా సమాధి ఎంట్రీ వెతకడం ఆయనే మొదలుపెట్టారు. తల్లి గడి గురించి చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "నువ్వే రాసి పంపించు, పెడతాను" అన్నారు.

నిజం చెప్పాలంటే నేనూ "తెలుగు స్త్రీ" అనే రాసి పెట్టుకున్నాను. పొద్దున్న కొట్టేశాను. ఇప్పుడు ఆ గడిలో ఇలా ఉంది: "తల్లి. కొడుకు బాప్తిస్మం నాటికి బతికే ఉన్నారో లేదో ఎంట్రీలో లేదు. పేరు రాయలేదు."