కాలవ నాచుతో కొత్త అక్వేరియం: గప్పీలను చంపింది కాలవ నీళ్లా, నా తొందరా?

పాలకొల్లు_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మొదటిసారి అక్వేరియం పెట్టాను, వారం తిరక్కుండానే చచ్చిన చేపలు ఏరుతున్నాను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు. షాపులో ప్యాకెట్ మట్టి, నాలుగు మొక్కలు, మొక్కలకి వదిలే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్ అన్నీ కలిపి చెప్పిన రేటుకి కళ్లు తిరిగాయి. మా తాతయ్యేమో "ఇంటెనకాల కాలవ నిండా నాచే, దానికి డబ్బులెట్టడమేంట్రా" అన్నారు. ఆదివారం పొద్దున్నే రేవులోకి దిగి నాచు, నీళ్లు తెచ్చేశాను. అడుగున ఇసుక పోసి, నాచు గుచ్చి, సాయంత్రానికి పది గప్పీలు వదిలాను. మిగిలిన నాచుని అదే కాలవ నీళ్లలో, పెరట్లో పాత పెయింటు బకెట్లో పడేశాను. ట్యాంకులో నీళ్లు తేటగానే ఉన్నాయి. మంగళవారం రాత్రి నుంచి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, గురువారానికి ఆరు పోయాయి. మా బోరు నీళ్లు ఉప్పు, తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను కొంటాం. కాలవ నీళ్లే చంపాయంటారా?

చెరువుగట్టు:
కాలవే తమ్ముడూ, ఇంకా అనుమానమా? ఉండి దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. కాలవ నీళ్లు తూములోంచి నేరుగా చెరువులోకి ఎవడూ వదలడు. వలగుడ్డ కట్టి వడకట్టి, బ్లీచింగ్ కొట్టి, రోజులు ఆగి, అప్పుడు పిల్లని వదులుతాం. అంత పెద్ద చెరువుకే అన్ని జాగ్రత్తలైతే నువ్వు యాభై లీటర్ల గాజుపెట్టెలో బకెట్‌తో ముంచి పోసేశావు. ఇప్పుడు దాళ్వా (రబీ వరి) పైరు మీద మందులు కొడుతున్నారు, ఆ చేల నీళ్లన్నీ ఎటు దిగుతాయి? పైనున్న చెరువుల వాళ్లు జబ్బు పడ్డ నీళ్లు వదిలేది ఎటు? పైగా చేప పేను. బొచ్చెకీ శీలావతికీ పట్టి రైతుల ప్రాణాలు తోడేసేది అదే, గప్పీ దానికి ఓ లెక్కా?

లంకలో_చిన్నోడు:
అన్నా, మీరు రొయ్య కళ్లతో చూస్తున్నారు. నాది ఆరేళ్ల ట్యాంకు. అందులో నాచు, పొడుగాకుల వాలిస్నేరియా అన్నీ మా కోనసీమ కాలవవే, మట్టి మా కొబ్బరితోటది, పైన గోదావరి ఇసుక. ఒక్క మొక్క కొనలేదు. ఈ తమ్ముడి చేపల్ని చంపింది అమ్మోనియా. కొత్త ట్యాంకులో పొద్దున్న నీళ్లు పోసి సాయంత్రం పది చేపల్ని వదిలితే వాటి పెంట ఎవడు తింటాడు? అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఇసుకలో, ఫిల్టర్ స్పాంజిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొక్కలు దట్టంగా ఉంటే కొంత అవే లాగేసుకుంటాయి, కానీ నిన్న గుచ్చిన నాలుగు రెమ్మలు ఏం లాగుతాయి? మందు నీళ్లయితే ఆదివారం రాత్రికే తేలిపోయేవి. రెండు రోజులు బాగుండి మంగళవారం నుంచి మొదలైంది చూడండి, అది అమ్మోనియా నడక.

గట్టుమీద_గోపి:
గప్పీల బదులు కొరమీను వేసి ఉంటే ఈపాటికి పులుసైనా వచ్చేది, ఆయ్.

అమలాపురం_టీచరమ్మ:
గోపి గారూ, ఇక్కడ పిల్లాడి చేపలు చచ్చి ఏడుస్తుంటే మీకు పులుసు కావాల్సి వచ్చిందా!
బాబూ, ఇద్దరి మాటా కొంత కొంత నిజమే. కాలవ నాచుతో నాకు జరిగింది చెప్తాను. మా గప్పీ ఈనింది, ఇరవై పిల్లలు దాకా ఉండేవి. రోజుకి నాలుగైదు చొప్పున మాయం. తల్లే తింటోందనుకుని దాన్ని వేరే సీసాలో పెట్టాను, అయినా తగ్గిపోతున్నాయి. ఓ రాత్రి టార్చి వేసి చూస్తే నాచు కాడకి అతుక్కుని మట్టి రంగులో అంగుళం పురుగొకటి కదలకుండా ఉంది. పిల్ల దగ్గరికి రాగానే గడ్డం కింద మడిచిపెట్టుకున్న దవడ చాపి టక్కున లాక్కుంది. తూనీగ పిల్ల అది. నాచుతోపాటు నేనే ఇంటికి తెచ్చుకున్నాను. అప్పట్నుంచీ కాలవ మొక్క ఏదైనా లేత గులాబీ రంగు వచ్చేంత పర్మాంగనేట్ నీళ్లలో పది నిమిషాలు ముంచి, కడిగి, మూడు వారాలు వేరే బకెట్లో ఉంచాకే ట్యాంకులోకి. కొన్ని తూనీగలు గుడ్లు కాడ లోపలే పెడతాయి, మందు అక్కడిదాకా పోదు. అందుకే ఆ మూడు వారాలు.
నీళ్ల విషయానికొస్తే, మీకు మున్సిపల్ కుళాయి లేదా? అదీ కాలవ నీళ్లే. మంచినీళ్ల చెరువులో నింపి, వడపోసి, బ్లీచింగ్ కలిపి వదులుతారు. ఒకరోజు వెడల్పాటి టబ్బులో మూత లేకుండా ఉంచితే ఆ క్లోరిన్ పోతుంది.

చెరువుగట్టు:
ఒకరోజు ఆగలేకపోతే ఆక్వా మందుల షాపులో థయోసల్ఫేట్ అడుగు, హేచరీల వాళ్లు క్లోరిన్ విరవడానికి వాడేది అదే. మేడమ్ చెప్పిన కుళాయి నీళ్లకి నాకూ అభ్యంతరం లేదు. చిన్నోడూ, కొబ్బరితోట మట్టి నీకు కుదిరింది కదా అని ఊరందరికీ చెప్పకు. వీడు పోయి నిన్న యూరియా చల్లిన చేలో మట్టి తవ్వుకొస్తే? కుళ్లుగుడ్ల వాసనొచ్చే నల్ల బురద తెస్తే?

లంకలో_చిన్నోడు:
ఎరువు పడని చోట తవ్వాలి, వేర్లు, ఆకులు ఏరి ఎండబెట్టాలి, అంగుళం మించకూడదు, పైన అంగుళంన్నర ఇసుక కప్పాలి. ఇది తెలియకుండా చేస్తే ఎలాగూ పాడవుతుంది, ఒప్పుకుంటాను. ఇసుకంటే గోదావరి ఇసుకే. సరదాకి పేరుపాలెం బీచ్ ఇసుక, గవ్వలు తెచ్చి వెయ్యొద్దు, గవ్వల సున్నం కరిగి హార్డ్‌నెస్ పెరుగుతూనే ఉంటుంది.

భీమవరం_ప్లాంటెడ్:
షాపు మొక్కలంటే అందరూ వెక్కిరించడమే. అన్నిటికీ గ్యాస్ అక్కర్లేదు. అనూబియాస్, జావా ఫెర్న్ నీడలో కూడా బతుకుతాయి. రాయికో కర్రకో దారంతో కట్టాలి, దుంపకాండం ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది. లైటు రోజుకి ఆరేడు గంటలు చాలు. అయితే షాపు మొక్క శుభ్రమని నేనూ అనను, నత్త గుడ్లు అక్కడినుంచీ వస్తాయి. ఇంకోటి, విసుగొస్తే షాపు మొక్కల్ని, చేపల్ని కాలవలో మాత్రం పారేయకండి. గుర్రపు డెక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే, ఇప్పుడు మన కాలవల గతేంటో చూస్తున్నాం. అక్వేరియంల కోసం తెచ్చిన సక్కర్ చేపలు ఇప్పటికే వలల్లో పడుతున్నాయి.

పాలకొల్లు_కుర్రాడు:
ఈ ఉదయం ట్యాంకు నీళ్లు, కాలవ నీళ్లు, బోరు నీళ్లు మూడు సీసాల్లో పట్టుకుని ఆక్వా ల్యాబుకి వెళ్లాను. ఎన్నెకరాల చెరువు అని అడిగారు. రెండడుగులు అన్నాను. ఓసారి నవ్వి, చేసిచ్చారు. ట్యాంకులో అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు), పీహెచ్ 8.2. కాలవలో అమ్మోనియా 0.1. బోరు నీళ్లలో ఉప్పు 4 పీపీటీ, అంటే లీటరుకి 4 గ్రాములు. ఆ పీహెచ్‌కి 2 అంటే గట్టి దెబ్బేనన్నారు. మిగిలిన నాలుగింటినీ నిన్ననే నిలవబెట్టిన కుళాయి నీళ్ల బకెట్లోకి మార్చాను, గాలి మోటారు పెట్టాను, తిండి ఆపేశాను.

లంకలో_చిన్నోడు:
చూశారా అన్నా?

చెరువుగట్టు:
ఏం చూడాలి? పురుగుమందు ఆ టెస్టులో కనపడదు. పైగా ఆదివారం ముంచిన నీళ్లకి శుక్రవారం నీళ్ల రిపోర్టు. పారే కాలవ అది, ఆ నీళ్లు ఈపాటికి సముద్రంలో ఉంటాయి. ఉప్పు సంగతి మాత్రం గుర్తుపెట్టుకో, 4 పీపీటీని గప్పీ తట్టుకుంటుంది కానీ నీ మొక్కల్లో చాలావాటికి పడదు, బోరు జోలికి పోకు. తెల్లారుజామున చేపల్ని ఓసారి చూసుకో. మొక్కలు పగలు ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రి అవీ పీలుస్తాయి. మేం తెల్లవార్లూ ఏరియేటర్లు తిప్పేది ఊరికే కాదు.

పాలకొల్లు_కుర్రాడు:
అన్నా, ఇప్పుడే పెరట్లోకి వెళ్లి పెయింటు బకెట్ చూశాను. ఆదివారం నాటి నాచు, ఆదివారం నాటి నీళ్లే. టీచర్ గారు చెప్పినట్టు టార్చి వేశాను. కాడకి ఒకటి అతుక్కుని ఉంది! పుల్లతో కదిపితే వెనక నుంచి నీళ్లు చిమ్ముకుంటూ ముందుకి దూసుకుపోయింది. పక్కనే రెండు చిన్న రొయ్య పిల్లలు కూడా ఉన్నాయి, హుషారుగానే తిరుగుతున్నాయి.

లంకలో_చిన్నోడు:
ఇంకేం కావాలి! మందు నీళ్లయితే చేపకన్నా ముందు పోయేవి పురుగు, రొయ్యే. రొయ్యల రైతుకి నేను చెప్పాలా?

చెరువుగట్టు:
సరే, ఆ ఆదివారం నీళ్లలో మందు లేదని ఒప్పుకున్నాను. ఆ ఒక్క ఆదివారానికే. వచ్చే ఆదివారం నీళ్లకి ఎవరు పూచీ? వేసవిలో కాలవలు కట్టేస్తారు, జూన్‌లో మళ్లీ వదిలినప్పుడు మొదట ఏం కొట్టుకొస్తుందో రేవులో నిలబడి చూడండి, తర్వాత మాట్లాడదాం. నాచు తెచ్చుకో తమ్ముడూ, నీళ్లు మాత్రం కుళాయివి పొయ్యి.

అమలాపురం_టీచరమ్మ:
నాచు ఇంకా తెచ్చుకో, రెండు గుప్పిళ్లు సరిపోవు. వెనక గాజు కనపడనంత దట్టంగా ఉండాలి. చేపలు నెల దాటాకే. అదీ మళ్లీ ల్యాబుకి వెళ్లి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అన్నాక, ముందు మూడో నాలుగో.

పాలకొల్లు_కుర్రాడు:
అలాగే మేడమ్. ట్యాంకు ఖాళీ చేసి ఇసుక అలాగే ఉంచి, కుళాయి నీళ్లు పోస్తున్నాను. మిగిలిన నాలుగూ నెలపాటు టబ్బులోనే, రోజూ మూడో వంతు నీళ్లు మారుస్తాను. అది సరే గానీ, ఈ తూనీగ పిల్లని ఏం చెయ్యమంటారు?

భీమవరం_ప్లాంటెడ్:
కాలవలో వదిలెయ్. అది అక్కడిదే.