లూవాన్ (నెట్‌వర్క్‌లో గుంపుల్ని వెతికే అల్గారిథమ్) రన్ చేసిన ప్రతిసారీ గుంపులు మారుతున్నాయి, దేన్ని నమ్మాలి?

గుంటూరు_ఎంటెక్:
అన్నలూ, మన మిర్చి యార్డులో ఏ ఎగుమతిదారు ఏ కమిషన్ కొట్టు దగ్గర కొన్నాడో ఒక సీజన్ డేటా దొరికింది. ఒకే ఎగుమతిదారుకి అమ్మిన కొట్లను కలుపుతూ నెట్‌వర్క్ గీశా, ఎడ్జ్‌లు (కొట్లను కలిపే గీతలు) 5,000 దాకా వచ్చాయి. లూవాన్‌కి ఇచ్చే సీడ్ (రాండమ్ ఎంపికలు మొదలుపెట్టే సంఖ్య) మారిస్తే గుంపులు మారుతున్నాయి. పైగా బాడిగ రకం మిర్చి తప్ప ఇంకోటి ముట్టని నాలుగు చిన్న కొట్లు ఒక జట్టని యార్డంతా తెలుసు, వాటిని తీసుకెళ్లి పెద్ద గుంపులో కలిపేసింది. మాడ్యులారిటీ (గుంపుల లోపలి లింకులు రాండమ్‌గా వచ్చేవాటికంటే ఎంత ఎక్కువో చెప్పే స్కోరు) 0.4 దాటింది కదా, రాసెయ్ అంటున్నారు గైడ్. వచ్చేవారం రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

బెజవాడ_గ్రాఫ్:
0.4 చూసి మురిసిపోకు తమ్ముడూ. ఎడ్జ్‌లు పల్చగా ఉన్న రాండమ్ నెట్‌వర్క్‌కి కూడా మంచి స్కోరే వస్తుందని గిమెరా బృందం 2004లోనే చూపించింది. గుంపులు ఉన్నా లేకపోయినా ఈ అల్గారిథమ్ ఏవో కొన్ని చేతిలో పెడుతుంది.
చిన్న జట్టు మాయమవడం రిజల్యూషన్ లిమిట్ (ఫార్చునాటో, బార్తెలెమీ, 2007). వెయిట్లు లేని నెట్‌వర్క్‌లో మొత్తం ఎడ్జ్‌లలో సగానికి వర్గమూలం తియ్యి, నీకు 50 వస్తుంది. లోపలి ఎడ్జ్‌లు అంతకంటే తక్కువున్న జట్టు ఎంత గట్టిదైనా పక్కదానిలో కలిసిపోవచ్చు. నీ నాలుగు కొట్ల మధ్య మహా అయితే 6. గామా (గుంపులు ఎంత చిన్నవి కావాలో మార్చే సెట్టింగ్) పెంచితే అవి విడిపోవచ్చు కానీ, అప్పుడు పెద్ద గుంపులు అనవసరంగా ముక్కలవుతాయి.

పట్నంబజార్:
అసలు తేడా అంతకుముందే జరిగింది. ఒక పెద్ద ఎగుమతిదారు 60 కొట్లలో కొంటే అతనొక్కడి వల్లే 1,770 ఎడ్జ్‌లు పుడతాయి, ఆ ముద్దనే నువ్వు కమ్యూనిటీ అనుకుంటున్నావేమో చూడు. కొట్లు ఒకవైపు, కొనేవాళ్లు ఒకవైపు ఉంచి బైపార్టైట్ మాడ్యులారిటీ వాడు. నీ స్కోరుని రాండమ్ నెట్‌వర్క్ స్కోరుతో పోల్చడానికి షఫుల్ (కలగాపులగం) చేసేది కూడా కొట్టుకీ కొనేవాడికీ మధ్య ఉన్న ఆ అసలు లింకులనే, కలిపి గీసిన ఎడ్జ్‌లని కాదు.

గుంటూరు_ఎంటెక్:
లూవాన్ బదులు లీడెన్ వాడితే సరిపోదా అన్నా?

బెజవాడ_గ్రాఫ్:
లూవాన్ అప్పుడప్పుడు లోపల అతుకే లేని గుంపుల్ని ఇస్తుంది, 2019లో వచ్చిన లీడెన్ ఆ జబ్బు మాన్పింది. కానీ అదీ మాడ్యులారిటీనే పెంచుతుంటే లిమిట్ ఎక్కడికీ పోదు, అందుకే అందులో మాడ్యులారిటీ బదులు సీపీఎం (కాన్‌స్టంట్ పాట్స్ మోడల్ అనే ఇంకో కొలమానం) పెట్టి చూడు. సీడ్ గొడవంటావా, దాదాపు ఒకే స్కోరున్న విభజనలు బోలెడుంటాయి. వందసార్లు నడిపి, ఎప్పుడూ విడిపోని కొట్ల గురించి మాత్రమే రిపోర్టులో గట్టిగా రాయి.

పట్నంబజార్:
ఇంకోటి, యార్డంతా తెలుసు అన్నావే, అది సరుకు రకాన్ని బట్టి చెప్పే మాట. లింకులు ఊరిని బట్టో అప్పుల్ని బట్టో గుంపు కట్టి ఉండొచ్చు, అప్పుడు నీ నాలుగు కొట్లు విడిగా రాకపోయినా అల్గారిథమ్ తప్పు కాదు.