పీ16 పాజిటివ్ అంటే జీన్ చెడిపోయినట్టా?

మొయిలు: మా అక్కకి గర్భాశయ ముఖద్వారం బయాప్సీ రిపోర్టు వచ్చింది. సీఐఎన్ 2, పీ16 పాజిటివ్ అని రాశారు. హెచ్‌పీవీ అనే వైరస్‌లో 16వ రకం కూడా ఉందట. పీ16 అంటే ట్యూమర్‌ని అడ్డుకునే జీన్ అని చదివాను. అడ్డుకునేది ఎక్కువగా ఉంటే మంచిదే కదా, మరి డాక్టర్ దాన్ని సీరియస్‌గా ఎందుకు తీసుకున్నారు? జీన్‌లో లోపం ఉంటే అక్క కూతురికీ వస్తుందా? ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉన్నాం. ఇలాంటి రిపోర్టు చూసినవాళ్లు చెప్పండి.

గోరువంక: నాకూ ఇదే రిపోర్టు అండి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, కరెంటు తీగ లూప్‌తో ఆ భాగం తీసేశారు. ఆ తర్వాత చేసిన హెచ్‌పీవీ టెస్టు నెగటివ్ వచ్చింది. సీఐఎన్ 2 అంటే క్యాన్సర్ కాదు, ముందు దశ. ఆ మాట అక్కకి ముందు చెప్పండి.

స్లైడ్‌మిత్ర: పాథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. మామూలు కణంలో ఆర్‌బీ అనే ప్రొటీన్ విభజనని అదుపులో ఉంచుతుంది. పీ16 పనిచేసేది ఆ ఆర్‌బీ ద్వారానే. హెచ్‌పీవీ వైరస్ తయారుచేసే ఈ7 అనే ప్రొటీన్ వచ్చి ఆర్‌బీని నాశనం చేస్తుంది. ఆ అదుపు పోగానే పీ16 విపరీతంగా పెరుగుతుంది, కానీ ఫలితం ఉండదు. బ్రేకు తీగ తెగిన బండిలో పెడల్ ఎంత తొక్కినా అంతే కదా. స్లైడ్ మీద అది గోధుమరంగు పట్టీలా కనిపిస్తుంది. వైరస్ ఆ కణాల్ని నడిపిస్తోందని మేము అలాగే గుర్తుపడతాం.

ఈ6 ఇంకోటి. డీఎన్ఏ దెబ్బతిన్న కణాన్ని ఆపేదీ చంపేదీ పీ53 అనే మన ప్రొటీన్. ఈ6 దాన్ని కణంలోని సొంత యంత్రాంగంతోనే ముక్కలు చేయిస్తుంది. చాలా క్యాన్సర్లలో పీ53 జీనే మారిపోతుంది. ఇక్కడ సాధారణంగా జీన్ బాగానే ఉంటుంది, దాని ప్రొటీన్ నిలవదు. 1951లో ఒక రోగి ముఖద్వార క్యాన్సర్ నుంచి తీసిన హీలా కణాల్లో హెచ్‌పీవీ 18 ఉంది. అన్నేళ్లుగా ల్యాబుల్లో పెరుగుతున్న ఆ కణాల్లో కూడా ఈ6, ఈ7లను ఆపితే పీ53, ఆర్‌బీ మళ్లీ పనిలోకి వచ్చి విభజన ఆగిపోయింది. నాకు ఇందులో అన్నిటికంటే ధైర్యాన్నిచ్చే విషయం ఇదే.

కాబట్టి ఇది తల్లి నుంచి కూతురికి జీన్‌గా వచ్చేది కాదు. పాపకి 9 నుంచి 14 ఏళ్ల మధ్య హెచ్‌పీవీ టీకా వేయిస్తే చాలా మేలు. అక్కకి ఇప్పటికే ఉన్న ఇన్‌ఫెక్షన్‌ని మాత్రం టీకా తగ్గించదు.

తంగేడు: సీఐఎన్ 2 దానంతటదే తగ్గుతుంది, ఏమీ చేయించకండి. నాకు అలాగే పోయింది.

గోరువంక: తంగేడు గారూ, మీకు తగ్గినందుకు సంతోషం. కానీ "ఏమీ చేయించకండి" అనడం ప్రమాదం. మీరు మధ్యలో చెకప్‌లకు వెళ్లలేదా?

తంగేడు: వెళ్లానండి, ఆరు నెలలకోసారి కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపించే పరికరంతో చూడటం) చేశారు. అది చెప్పి ఉండాల్సింది.

స్లైడ్‌మిత్ర: సీఐఎన్ 2 సుమారు సగం మందిలో రెండేళ్లలో తగ్గుతుంది. చిన్న వయసులో ఆ అవకాశం ఇంకాస్త ఎక్కువ. ఇంకా ముదిరిన సీఐఎన్ 3 అయితే సాధారణంగా చికిత్స చేయకుండా ఆగరు. ఆగడం అంటే వదిలేయడం కాదు. వైరస్ ఏళ్ల తరబడి ఉండిపోతే మన సొంత జీన్‌ల మీద కూడా మిథైల్ అనే రసాయన గుర్తులు పడి, డీఎన్ఏలో అక్షరం మారకుండానే అవి మూగబోతాయి. ఆ గుర్తుల్ని కొలిచే టెస్టులు కొన్నిచోట్ల వాడుతున్నారు.

మొయిలు: పాప విషయం విన్నాక అక్క ఏడ్చేసింది, ఊరటతో. తను ఇంకో బిడ్డ కావాలనుకుంటోంది. అలాంటప్పుడు ఆగొచ్చా?

స్లైడ్‌మిత్ర: లూప్‌తో ఎక్కువ లోతు తీస్తే నెలలు నిండకముందే కాన్పు అయ్యే ముప్పు కొంత పెరుగుతుంది, అందుకే డాక్టర్లు కూడా ఆ సంగతి లెక్కలోకి తీసుకుంటారు. ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: కణాలు మారే అంచు కాల్పోస్కోపీలో మొత్తం కనిపించిందా? కనిపించకపోతే లోపల ఏముందో తెలియదు, ఆగమని మామూలుగా చెప్పరు. అక్క సిగరెట్ తాగుతుంటే మానేయమనండి, వైరస్ పోవడానికి అది అడ్డం.

మొయిలు: తాగదండి. ఆ ప్రశ్న రాసుకున్నాం, అపాయింట్‌మెంట్ కాగానే ఇక్కడ చెప్తాను.