పిల్లల మామూలు రోజులను ఫొటోల్లో ఎలా దాచుకోవాలి?

కొర్లగుంట నాన్న, తిరుపతి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాకు ఐదేళ్ల అమ్మాయి, ఏడాదిన్నర అబ్బాయి ఉన్నారు. ఫోనులో చోటు చాలక పాత ఫొటోలను వడపోస్తుంటే, వాటిలో దాదాపు అన్నీ పుట్టినరోజులవి, కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించినప్పటివి, గంగమ్మ జాతరలో పిల్లలకు వేషాలు వేసినప్పటివి అని తేలింది. అన్నింటిలోనూ పిల్లలు కొత్త బట్టల్లో నిలబడి, ఎదురుగా నలుగురు "ఇటు చూడు, ఇటు చూడు" అని కేకలు పెడుతుంటే బిగుసుకుపోయి కనిపిస్తున్నారు. పొద్దున జడ వేయించుకునేటప్పుడు అమ్మాయి చేసే రభస, మా అమ్మ సంగటి ముద్దకు గుంట పెట్టి పప్పు పోసి మనవడికి తినిపించడం, వాడు అందరి చెప్పులనూ ఒక్కొక్కటిగా మోసుకొచ్చి వంటింట్లో పేర్చడం వంటివి ఒక్కటీ లేవు. మా ఇల్లు ఎలా ఉంటుందని రేపు పిల్లలు అడిగితే చూపించడానికి మా దగ్గర ఏమీ లేదన్నమాట.

నా ఇబ్బందులు ఇవి. ఫోను పైకెత్తగానే అమ్మాయి పళ్లు ఇకిలించి నిలబడుతుంది, అబ్బాయి లాక్కోవడానికి వస్తాడు. మాది పాత మిద్దె ఇల్లు, వీధి వైపు ఒకటే కిటికీ ఉంది, లోపలంతా ట్యూబులైటు వెలుగే కావడంతో తీసిన ప్రతిదీ చెదిరిపోతోంది. మంచి కెమెరా కొంటే ఇది తీరుతుందా? పైగా దిష్టి తగులుతుందని మా అమ్మ, ఎప్పుడూ ఫోను చేతిలోనే ఉంటే ఎలాగని మా ఆవిడ అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్, చిత్తూరు:

కెమెరా మాట తర్వాత, ముందు వెలుగు మాట చూద్దాం. వెలుగు తక్కువైనప్పుడు ఏ కెమెరా అయినా షట్టర్‌ను, అంటే వెలుగును లోపలికి వదిలే తెరను, ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, ఆ కాసేపట్లో పిల్లవాడు కదిలిపోతాడు. ఫోనులోని నైట్ మోడ్ చేసేదీ అదే. గోడకూ బీరువాకూ అది బాగుంటుంది గాని ఏడాదిన్నర పిల్లవాడికి పనికిరాదు, దాన్ని ఆపేయండి. కూర్చున్న పిల్లలకు షట్టర్ సెకనులో 125వ వంతు, పరుగెత్తే పిల్లలకు 250వ వంతు లేదా అంతకంటే తక్కువ సమయం తెరుచుకుంటేనే బొమ్మ నిలుస్తుంది. ట్యూబులైటు ఒక్కటే ఉన్న గదిలో అంత వేగానికి సరిపడే వెలుగు దొరకడం కష్టం. ఇంకొక చిక్కు కూడా ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత చోకు ట్యూబులైట్లు, చవకరకం ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. అది మన కంటికి తెలియదు గాని, షట్టర్ వేగం పెంచినప్పుడు ఫొటోలో చారలుగా పడుతుంది.

అందుచేత మీకున్న ఆ ఒక్క కిటికీనే నమ్ముకోండి. పిల్లలను అక్కడికి పిలిచి నిలబెట్టకుండా పనులనే అక్కడికి జరపండి: జడ వేసే పీట, బొమ్మల బుట్ట, అవ్వ సంగటి తినిపించే చోటు. ఆ వేళ ట్యూబులైటు ఆర్పేయండి, రెండు రకాల వెలుగులు కలిస్తే ముఖం ఒకవైపు ఒక రంగులో, రెండోవైపు మరో రంగులో వస్తుంది. కిటికీకి మీరు వీపు పెట్టి తీస్తే అంతా చదునుగా పడుతుంది; వెలుగు పక్కనుంచి వచ్చేలా కూర్చుంటే బుగ్గలు, వేళ్లు, బట్టల ముడతలు తేటగా తెలుస్తాయి.

జడ సంగతే తీసుకుందాం. మీరు ఎదురుగా నిలబడితే అమ్మాయి మళ్లీ పళ్లు ఇకిలిస్తుంది. పక్కన నేల మీద కూర్చొని, ఫోనును ఆ పిల్ల కళ్ల ఎత్తుకు దించి, ఏమీ మాట్లాడకుండా ఉండండి. మీ ఆవిడ పళ్ల మధ్య పట్టుకున్న రిబ్బను, పాయలు విడదీస్తున్న వేళ్లు, చిక్కు లాగినప్పుడు పైకి ముడుచుకునే ఆ చిన్న భుజం, పక్కన మూత తీసి పెట్టిన కొబ్బరినూనె సీసా, వీటిలో ఏ ఒక్కటి దొరికినా చాలు, ముఖం కనబడనవసరం లేదు. వెనక మడతపెట్టని బట్టల కుప్ప ఉంటే ఉండనివ్వండి. పెళ్లిలో అయితే మేము మొదట తప్పించేది అలాంటివాటినే, కాని ఇంటి ఫొటోల్లో కొన్నేళ్ల తర్వాత అందరూ వేలుపెట్టి చూపించేది వాటినే.

అబ్బాయి ఫోను లాక్కుంటే ఇచ్చేయండి, వాడి చేత కూడా నాలుగు తీయించండి. అన్నీ మోకాళ్లూ కుర్చీ కాళ్లే పడతాయి, అయినా వాడి ఎత్తు నుంచి మీ ఇల్లు ఎలా కనిపిస్తుందో మీకు తెలుస్తుంది. మోజు తీరాక వాడు ఫోనును పట్టించుకోడు.

ఇంతా చేశాక కూడా కెమెరా కొనాలనిపిస్తే ఒక జాగ్రత్త. అంగట్లో చాలామంది 50 మి.మీ. లెన్సు ఇస్తామంటారు. ఏపీఎస్-సీ అనే కాస్త చిన్న సెన్సారు (బొమ్మను పట్టే పలక) ఉన్న కెమెరాల మీద అది దాదాపు 75 మి.మీ. లెన్సులా పనిచేస్తుంది, మి.మీ. పెరిగేకొద్దీ బొమ్మలో పట్టే చోటు తగ్గుతుంది కాబట్టి, మీరు గోడకు ఆనుకొని తీసినా పిల్లవాడి ముఖం తప్ప గది పట్టదు. 24 లేదా 35 మి.మీ. అడగండి.

ఇద్దరు పిల్లల తల్లి, తిరుపతి:

పై జవాబు బాగుంది. నేను మాత్రం మీ ఆవిడ తరఫున మాట్లాడతాను. ఫోను అడ్డం పెట్టుకున్న నాన్న ఎదురుగా ఉన్నా దూరంగా ఉన్నట్టే, పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు. మా ఇంట్లో స్నానమో, బడికి బయల్దేరడమో, ఏదో ఒక పనిని ఆ వారానికి ఎంచుకొని దాన్నే తీస్తాము, మిగతా వేళల్లో ఫోను బీరువా మీద ఉంటుంది. ఒకే పనిని మళ్లీ మళ్లీ గమనిస్తే ఎప్పుడు నొక్కాలో కూడా ముందే తెలుస్తుంది. కొండ మీద గుళ్లోకి ఫోను తీసుకుపోనివ్వరు కదా. ఆ క్యూలో పిల్లలతో మాట్లాడినంతగా ఇంట్లో ఎప్పుడైనా మాట్లాడామా అని మా వారే ఒకసారి అన్నారు.

ఎప్పుడూ మీరే తీస్తే ఆ ఫొటోల్లో మీరు ఉండరన్నది ఇంకొక సంగతి. అలమరలో ఫోను ఆనించి టైమరు పెట్టండి, లేదా మీ అమ్మగారి చేతికే ఇవ్వండి. ఆవిడ దిష్టి అంటున్నది ఫొటో తీయడం గురించి కంటే పదిమందీ చూడడం గురించి అయివుంటుంది, ఆ భయం నాకు సబబుగానే తోస్తుంది. స్నానం ఫొటోలు, బడి పేరు కనిపించే యూనిఫాం ఫొటోలు, ఇంటి నంబరు పడినవి స్టేటస్‌లోనూ గ్రూపుల్లోనూ పెట్టకండి. ఐదేళ్ల పిల్లను "ఇది అత్తకు పంపనా?" అని అడగవచ్చు, వద్దంటే మానుకోండి.

జాతర ఫొటోలను మాత్రం మీరు చిన్నచూపు చూడవద్దు. వేషం పూర్తయ్యాక నిలబెట్టి తీయడంతోనే అవి పండగ ఫొటోలుగా మిగిలిపోయాయి. ఈసారి వేషం వేస్తుండగా తీయండి. బైరాగి వేషానికి నామకొమ్ము (తెల్లసుద్ద) పూస్తుంటే చల్లగా తగిలి మెలికలు తిరిగే పొట్ట, ఒంటికి బొగ్గు పూసే 'తోటి' వేషం నాడు ఆ నలుపు అంటిన వేళ్లతో అవ్వ కొంగు పట్టుకోవడం, సాయంత్రం నీళ్లు పోస్తుంటే కాళ్ల కింద నల్లగా పారే మురికి, ఇవన్నీ మీ ఇంట్లో జరిగేవే కదా.

విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు:

తీయడం గురించి పెద్దలు చెప్పారు కాబట్టి నేను దాచడం గురించి చెబుతాను. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో అసలు ఫొటో కాదు. అది కుదించి పంపుతుంది, తీసిన తేదీ వంటి వివరాలూ అందులో మిగలవు. అందువల్ల ఫోనులోని అసలు ఫైళ్లనే దాచాలి. గూగుల్ ఫొటోస్‌లో 2021 జూన్ నుంచి ఉచితంగా దొరికేది మెయిలుతోనూ డ్రైవుతోనూ కలిపి 15 జీబీ మాత్రమే, అది త్వరగానే నిండుతుంది. ఫోనులో ఒకటి, హార్డ్ డిస్కులో ఒకటి, క్లౌడ్‌లో గాని వేరే ఊళ్లో బంధువుల దగ్గర గాని మరొకటి, ఇలా మూడు ప్రతులు ఉంచుకోండి.

అయినా డిస్కులో ఉన్నదాన్ని ఎవరూ తెరిచి చూడరు. ఫిలిం రోజుల్లో రీలుకు 36 ఫొటోలే కాబట్టి అన్నీ కడిగించుకొని చూసేవాళ్లం. ఇప్పుడు ఆ ఎంపిక మనమే చేసుకోవాలి. నెలకు ఓ పది ఏరి 4×6 అంగుళాల ప్రింట్లు వేయించండి. అంగుళానికి 300 చుక్కల లెక్కన దానికి 1200×1800 పిక్సెళ్లు చాలు, మీ ఫోను అంతకు మించే ఇస్తుంది. జిగురు పేజీల ఆల్బం మాత్రం కొనవద్దు, కొన్నేళ్లకు పేజీ పసుపెక్కి ఫొటో అతుక్కుపోతుంది, ఊడదీస్తే చిరుగుతుంది.

ప్రతి ఫొటోకూ ఒక వాక్యం రాయండి. తేదీ, పేర్లు ఎలాగూ ఉండాలి. వాటితోపాటు బొమ్మలో కనిపించనిది రాయాలి. మీ అబ్బాయి వంటింట్లో పేర్చినవి ఎవరెవరి చెప్పులో, వాటిలో ఏది మొదట తెస్తాడో, అప్పుడు వాడు ఏమంటాడో ఇప్పుడు మీకు తెలుసు గాని పదేళ్లకు గుర్తుండదు.

కొర్లగుంట నాన్న:

అందరికీ ధన్యవాదాలు. జడ వేసే పీటను కిటికీ దగ్గరికి మార్చాము. ఫోను తన చేతికి ఇస్తారని వినగానే మా అమ్మ అభ్యంతరం సగం తగ్గింది. ఒక్క సందేహం ఉంది. ఆ వాక్యాన్ని ఫొటో వెనక పెన్సిలుతో రాయవచ్చా?

విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు:

ఇప్పటి ఫొటో కాగితాలకు చాలావరకు వెనక కూడా ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి మామూలు పెన్సిలు సరిగా పట్టదు. బాల్‌పెన్ను గట్టిగా ఒత్తితే గీత ముందువైపు తేలుతుంది, జెల్ పెన్ను ఆరకముందే పక్క ఫొటోకు అంటుకుంటుంది. ఫొటో కింద రాసుకునే చోటు ఉన్న తెల్ల కాగితపు ఆల్బం అడిగి తీసుకోండి, పేజీ మీద బాల్‌పెన్నుతో నిశ్చింతగా రాయవచ్చు.