పాత కంప్యూటర్లు తెరుస్తున్న స్కూలు ఫోల్డరును కొత్తవి తెరవడం లేదు

లెక్కల మాస్టారు:
మాది మండల కేంద్రంలో ఒక ప్రైవేటు హైస్కూలు. నేను చెప్పేది లెక్కలు. మూడేళ్ల క్రితం ప్రింటరులో ఇరుక్కున్న కాగితం తీసిన పాపానికి కంప్యూటర్ గది తాళాలు కూడా నా జేబులోకి వచ్చాయి. ఆ గది ఒక కలగూరగంప. విండోస్ 10 ప్రో ఉన్నవి పన్నెండు, ఉబుంటు లినక్స్ వేసిన పాత డెస్క్‌టాప్‌లు ఎనిమిది, పూర్వ విద్యార్థి ఒకాయన ఇచ్చిన 2011 నాటి ఐమ్యాక్ ఒకటి. ఐమ్యాక్ డ్రాయింగ్ మాస్టారిది, ఇంకెవరూ ముట్టుకోరాదు. అందరికీ ఉమ్మడిగా మూలన ఒక ఉబుంటు సర్వర్, అందులో సాంబాతో (లినక్స్ ఫోల్డర్లను విండోస్ యంత్రాలకు పంచే ప్రోగ్రాము) పెట్టిన ‘పరీక్షలు’ ఫోల్డరు. పాస్‌వర్డ్ లేదు.

ఈ నెల విండోస్ 11 ప్రో, 24హెచ్2 వెర్షన్‌తో ఐదు కొత్తవి వచ్చాయి. ఫోల్డరు మీద నొక్కితే, మీ సంస్థ భద్రతా విధానాలు అతిథుల ప్రవేశాన్ని అడ్డుకుంటున్నాయని అంటున్నాయి. హెడ్మాస్టరు గారు అది చదివి, "సంస్థ అంటే నేనే కదా, నేనెప్పుడు అడ్డుకున్నాను?" అన్నారు. పక్కనే ఉన్న విండోస్ 10 యంత్రాలు హాయిగా తెరుస్తున్నాయి. ఎస్‌ఏ-1 ప్రశ్నపత్రాలు సోమవారం అచ్చుకు వెళ్లాలి.

ఇంకో వింత. సర్వర్‌లో ‘సైన్సు’ పేరుతో రెండు ఫోల్డర్లు పక్కపక్కనే ఉన్నాయి. పేరులో అక్షరం తేడా లేదు. ఒకే చోట ఒకే పేరు రెండుసార్లు ఎలా ఉంటుంది? ‘తెలుగు’, ‘లెక్కలు’ ఒక్కొక్కటే ఉన్నాయి.

తొందర మనిషి:
విండోస్ నియమాలు మార్చే గ్రూప్ పాలసీలో అతిథి లాగిన్‌ను అనుమతించండి. రెండు నిమిషాల పని.

పాత సర్వర్ల కాపరి:
మాస్టారూ, ఆ పని చేయకండి. చేసినా చాలదు. 24హెచ్2 ప్రోలో రెండు తాళాలు పడ్డాయి. అతిథిగా వెళ్లడం ఆగింది. అది కాక, ఫోల్డర్లు పంచుకోవడానికి యంత్రాలు మాట్లాడుకునే ప్రతి ఎస్‌ఎంబీ సంభాషణకూ డిజిటల్ సంతకం తప్పనిసరి అయింది. పాస్‌వర్డ్ లేని అతిథి దగ్గర సంతకానికి కావలసిన తాళంచెవే ఉండదు. కాబట్టి రెండోదీ తీసేయాలి, అదీ ఐదు యంత్రాల్లో.

సర్వర్ వైపు నుంచి రండి. ఒక్కో ఉపాధ్యాయుడికి ఒక్కో ఖాతా తెరవండి. ఉబుంటు పాస్‌వర్డ్ వేరు, సాంబా పాస్‌వర్డ్ వేరు. రెండోదాన్ని ‘ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యూడీ’ (smbpasswd) ఆదేశంతో విడిగా పెట్టాలి. అందరినీ ఒక గ్రూపులో చేర్చి, ఫోల్డరును ఆ గ్రూపుకే వదిలి, అతిథులకు మూసేయండి.

ఇక్కడ ఒక గుంట ఉంది, నేను ఒక పూట అందులో పడి ఉన్నాను. ఉబుంటులో సాంబా సెట్టింగుల ప్రకారం, యూజర్ పేరు తప్పుగా కొడితే అది ‘తప్పు’ అనదు, మిమ్మల్ని అతిథిగా మార్చేస్తుంది. అప్పుడు విండోస్ 11 మళ్లీ అదే అతిథి సందేశం చూపిస్తుంది. మీరేమో ఖాతా పనిచేయలేదనుకుని తల పట్టుకుంటారు. ముందు స్పెల్లింగు చూసుకోండి. పాత ప్రయత్నాల పాస్‌వర్డ్‌లను విండోస్ దాచుకుని ఉంటే క్రెడెన్షియల్ మేనేజర్‌లో తీసేయండి.

డీటీపీ అక్క:
రెండు ‘సైన్సు’ల సంగతి నేను చెబుతాను. ఐమ్యాక్ నుంచి సర్వర్‌కు బ్యాకప్ దేనితో తీస్తున్నారు? ఫైళ్లను ఒక యంత్రం నుంచి ఇంకోదానికి నకలు చేసే ఆర్‌సింక్ అయితే దొంగ దొరికినట్టే. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కు ఫైలు పేర్లలో అక్షరాలను విడదీసి దాస్తుంది. యూనికోడ్‌లో ఐత్వం ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వానికి కింద ఐత్వపు తోక తగిలించి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. విండోస్‌లో టైపు చేస్తే మొదటిది, ఆ మ్యాక్‌లో చేరేది రెండోది. కంటికి రెండూ ‘సై’. లినక్స్‌కు మాత్రం అవి వేర్వేరు పేర్లు. తెలుగు గుణింతంలో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే, అందుకే మీ ‘లెక్కలు’ క్షేమం. ‘కన్వ్‌ఎమ్‌వీ’ అనే చిన్న ప్రోగ్రాముతో పేర్లను ఎన్‌ఎఫ్‌సీ రూపానికి, అంటే ఐత్వం ఒకే గుర్తుగా ఉండే రూపానికి, మార్చండి. అడిగితే తప్ప అది నిజంగా మార్చదు, ముందు ఏమి మారుతుందో చూపిస్తుంది. ఒకే పేరున్న రెండు ఫోల్డర్లు ఉన్నాయి గనుక, ముందు ఒకదానిలోని ఫైళ్లు రెండోదానిలోకి చేర్చుకోండి.

మరో మాట. మీ పాత మ్యాక్‌తో వచ్చిన ఆర్‌సింక్ 2.6.9 చాలా పాతది. పేర్లను దారిలోనే మార్చే సదుపాయం 3 నుంచే వచ్చింది. కొత్తది వేసుకోకపోతే వచ్చే నెల మళ్లీ రెండు ‘సైన్సు’లు.

లెక్కల మాస్టారు:
ఇద్దరికీ నమస్కారం. పద్నాలుగు ఖాతాలు తెరిచాను. కాపరి గారు చెప్పిన గుంటలో నేనూ పడ్డాను, నా పేరులోనే ఒక అక్షరం ఎక్కువ కొట్టాను. ఐదు కొత్తవీ తెరుచుకున్నాయి. రెండో ‘సైన్సు’లో డ్రాయింగ్ మాస్టారు వేసిన జీర్ణవ్యవస్థ బొమ్మలు దొరికాయి. అవి పోయాయని ఆయన కొత్తగా గీయడం మొదలుపెట్టారు కూడా. ఆయన ఐమ్యాక్‌లో కొత్త ఆర్‌సింక్ వేయడానికి ఇంకా అనుమతి రాలేదు.

పని పూర్తయ్యాక విద్యార్థుల ఉబుంటు యంత్రం ఒకదాని ముందు కూర్చుని ‘పరీక్షలు’ మీద నొక్కాను. పాస్‌వర్డ్ అడిగింది. నిన్నటి దాకా అడిగేది కాదు. మూడేళ్లుగా నా ప్రశ్నపత్రాలన్నీ అక్కడే ఉన్నాయి, పదో తరగతి పిల్లలు లెక్కల్లో బాగా రాణిస్తున్నారని పోయిన వార్షికోత్సవంలో నాకు శాలువా కప్పారు. ఈ సంగతి హెడ్మాస్టరు గారికి ఇంకా చెప్పలేదు.