బరువు తగ్గాక రొమ్ము ఇంప్లాంట్ సైజు: సాగిన చర్మాన్ని నింపాలా, కోసి బిగించాలా?

గడపలో_వెన్నెల

రెండేళ్లలో 46 కిలోలు తగ్గాను. పొట్ట ఆపరేషన్ లాంటిదేమీ లేదు, తిండి తగ్గించి నడక పెంచి సాధించిందే. పదకొండు నెలలుగా కాటా మీద అంకె ఒక కిలో అటూ ఇటూ తప్ప కదలలేదు. మోకాళ్ల నొప్పులు పోయాయి, నడుము కనబడుతోంది. రొమ్ముల సంగతే వేరు. పైభాగమంతా ఖాళీ. బ్రా వేసుకునేటప్పుడు ముందుకు వంగి, చర్మాన్ని చేత్తో పోగుచేసి కప్పుల్లోకి సర్దుకోవాలి, దిండు గలీబులో దుప్పటి కుక్కినట్టు.

ఇద్దరు సర్జన్లను కలిశాను. లిఫ్ట్ (సాగిన చర్మం కోసి రొమ్మును పైకి బిగించడం) చేసి 250 సీసీ, అంటే 250 మిల్లీలీటర్ల ఇంప్లాంట్ పెడదామని ఒకరన్నారు. అంటే చనుమొన చుట్టూ, అక్కడి నుంచి నిలువుగా కిందికి, కింది మడత వెంబడి అడ్డంగా, లంగరు ఆకారంలో మచ్చలు. ఇంకొకరేమో లిఫ్ట్ ఎందుకు, 450 పెడితే ఖాళీ చర్మం దానంతటదే నిండుతుంది, మడతలో ఒక్క మచ్చతో సరి అన్నారు. ఇద్దరూ తడబాటు లేకుండా చెప్పారు. నా ఇబ్బందంతా అదే.

దాచడమెందుకు, నాకు పెద్దగానే కావాలి. వంద కిలోలు దాటిన ఒంట్లో నాకు నచ్చినవి అవొక్కటే. ఈ దారిలో వెళ్లినవాళ్లు చెప్పండి. 250తో లిఫ్టా, లిఫ్ట్ లేకుండా 450నా?

రెండోసారి_బల్లమీద

నేను ఆ రెండో సర్జన్ లాంటి మాటే విన్నాను, వెన్నెల గారూ. 38 కిలోలు తగ్గాక 475 సీసీ, లిఫ్ట్ లేకుండా. మొదటి మూడు నెలలు అద్దం ముందు నుంచి కదలబుద్ధి కాలేదు. ఆ నిండుదనంలో సగం వాపేనని అప్పట్లో తెలియదు.

ఏడాది దాటాక ఇంప్లాంట్లు మెల్లగా కిందికి జారాయి. అవి కిందికి వెళ్లినకొద్దీ చనుమొనలు ఆకాశం చూడటం మొదలుపెట్టాయి. వెల్లకిలా పడుకుంటే రెండూ చెరో చంకలోకి చేరేవి. పక్కకు తిరిగితే చర్మం కింద ఇంప్లాంట్ అంచు అలలు అలలుగా చేతికి తగిలేది. చివరికి వాటిని తీసి, లోపలి సంచీని కుట్లతో చిన్నది చేసి, లిఫ్ట్ చేసి, 300 పెట్టారు. అంటే తప్పించుకుందామనుకున్న మచ్చలు ఎలాగూ వచ్చాయి, దారిలో ఒక ఆపరేషన్ దండగ.

సిలికాన్ జెల్ ఒక సీసీ దాదాపు ఒక గ్రాము తూగుతుంది. 475 చొప్పున రెండంటే కిలోకి కాస్త తక్కువ. లావుగా ఉన్నప్పుడు సాగి, సన్నబడ్డాక కూడా ముడుచుకోలేని చర్మం అది. ఆ చర్మానికే మళ్లీ కిలో బరువు తగిలించి, నిలబెట్టు అంటే ఎక్కడ నిలబెడుతుంది?

నిండుగానే

ఇక్కడ ఎవరు సైజు గురించి అడిగినా ‘చిన్నదే మేలు’ అనే జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. నా కథ తిరగేసి చదవండి.

నాకు లిఫ్ట్‌తో పాటు 265 పెట్టారు. 350 అడిగాను. ‘మీ చర్మం మోయదు’ అన్నారు, తలూపాను. ఆరు నెలలకు వాపు పూర్తిగా దిగాక చూసుకుంటే పైభాగం మళ్లీ ఖాళీ. నాది వెడల్పాటి ఛాతీ. ఒక్కో రొమ్ము అడుగు దాదాపు 14 సెంటీమీటర్లు. దాని మధ్యలో 265 అంటే పెద్ద పళ్లెంలో చిన్న గిన్నె బోర్లించినట్టే. రెండేళ్లకు మార్పించి 400 పెట్టించుకున్నాను. ఇప్పటికి నాలుగేళ్లు, ఉన్నచోటే ఉన్నాయి.

జాగ్రత్త పేరుతో తక్కువ పెట్టినా రెండో ఆపరేషన్ తప్పలేదని చెప్పడానికే ఇదంతా. ఇంకో మాట. నలభై కిలోలు తగ్గినప్పుడు ‘ఎంత పట్టుదల!’ అన్న నోళ్లే నేను 400 అనగానే ‘ఇంత ఆశ ఎందుకు’ అన్నాయి.

కొలతల_పుస్తకం

నేను ఆపరేషన్ థియేటర్ నర్సుని. సర్జన్‌ని కాను, మీ ఒంటిని చూడలేదు కూడా. అది మనసులో పెట్టుకుని చదవండి.

పై ఇద్దరూ చెప్పింది నిజమే, ఒకరినొకరు కాదనడం లేదు కూడా. సీసీ అనేది పరిమాణం మాత్రమే. అదే 350 వెడల్పుగా, చప్పగా ఉండే రకంలోనూ దొరుకుతుంది, ఇరుకుగా ఉండి ముందుకు పొడుచుకొచ్చే రకంలోనూ దొరుకుతుంది. అందుకే మొదట చూడాల్సింది రొమ్ము అడుగు వెడల్పు. ఇంప్లాంట్ వ్యాసం దాన్ని దాటకూడదు. దాటితే లోపల మధ్యలోకి తోసుకొచ్చి రెండూ కలిసిపోయినట్టు కనబడతాయి, లేదా పక్కకు, చేతికి అడ్డం వస్తాయి. 14 సెంటీమీటర్ల అడుగుకు 400 మామూలు కొలత కావచ్చు, 11.5 అడుగుకు అదే 400 దౌర్జన్యం. పక్కింటావిడ అంకె మీకు పనికిరాదని చెప్పేది ఇందుకే.

రెండోది, పైభాగంలో చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుంటే ఎంత మందం వస్తోంది? రెండు సెంటీమీటర్ల కన్నా తక్కువైతే అంచులు, ముడతలు బయటికి తెలియకుండా ఇంప్లాంట్ పైభాగాన్ని కండరం కింద పెట్టడం మామూలు. బాగా బరువు తగ్గినవాళ్లలో చాలామందికి ఆ మందం ఉండదు. మూడోది, చనుమొన రొమ్ము కింది మడతకు పైన ఉందా, దాని ఎదురుగా ఉందా, కిందికి దిగిపోయిందా? కిందికి దిగి నేల చూస్తుంటే ఎంత పెద్ద ఇంప్లాంటైనా దాన్ని పైకి తేలేదు. లోపల ఇంప్లాంట్ ఒకచోట గుండ్రంగా ఉంటే, దాని మీది నుంచి చర్మం, మిగిలిన కణజాలం జలపాతంలా జారుతాయి. సర్జన్లు ఆ లోపాన్ని జలపాతం పేరుతోనే పిలుస్తారు.

కప్పు సైజులు చెప్పి ‘నాకు డి కావాలి’ అనకండి. ఒక కంపెనీ డి ఇంకో కంపెనీకి సి. ఛాతీ చుట్టుకొలత మారితే అదే అక్షరానికి అర్థం మారుతుంది.

నిండుగానే

నర్సు గారూ, ఇంత వివరంగా నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. అయితే లిఫ్టూ పెద్ద ఇంప్లాంటూ ఒకేసారి పెట్టించుకుంటే ఏమవుతుందో చెప్పండి. వెన్నెల గారు అసలు ఆలోచించాల్సింది అది కదా. నాలాగా రెండుసార్లు మత్తు, రెండుసార్లు సెలవు, రెండుసార్లు ఖర్చు ఎందుకు?

కొలతల_పుస్తకం

చేస్తారు, చాలామందికి బాగానే కుదురుతుంది. కానీ ఆ రెండు పనులూ ఎదురెదురుగా లాగుతాయి. లిఫ్ట్‌లో చర్మం కోసి బిగిస్తాం. ఇంప్లాంట్ లోపలి నుంచి అదే చర్మాన్ని బయటికి నెడుతుంది. ఇంప్లాంట్ పెద్దదైనకొద్దీ కుట్ల మీద ఒత్తిడి. నిలువు కుట్టు, అడ్డ కుట్టు కలిసే మూల దగ్గర గాయం విప్పుకునేది ఎక్కువగా ఇలాంటప్పుడే. చనుమొనకు రక్తం అందే దారులు కూడా సన్నబడతాయి. అందుకే కొందరు ముందు లిఫ్ట్ చేసి, కొన్ని నెలలు ఆగి, చర్మం కుదురుకున్నాక ఇంప్లాంట్ పెడతారు. అప్పుడు సైజు ఊహ మీద కాక కళ్లముందున్న రొమ్ము మీద తేలుతుంది. లిఫ్ట్ అయ్యాక ఇంప్లాంటే వద్దన్నవాళ్లనీ చూశాను.

ఒకేసారి చేసినా బల్ల మీదే సైజు తేల్చే పద్ధతి ఉంది. సైజర్ అనే తాత్కాలిక ఇంప్లాంట్‌ను లోపల పెట్టి, మత్తులో ఉన్న మనిషిని బల్లతో సహా కూర్చోబెట్టి, సర్జన్ కాళ్ల దగ్గర నిలబడి చూస్తారు. పడుకున్నప్పుడు అందంగా అనిపించింది కూర్చోగానే జారడం ఎన్నిసార్లు చూశానో. మీ సర్జన్ ఇది చేస్తారో లేదో అడగండి.

అద్దం_అబద్ధం

నాదొక వేరే అనుభవం. 52 కిలోలు తగ్గాక మొదట సైజు ఎంచుకున్నది నేను కాదు, ఆ పాత ఒళ్లు. వెన్నెల గారి మాటల్లోనూ నాకు అది వినబడింది. పాత ఫోటో పట్టుకెళ్లి ‘ఇలా కావాలి’ అన్నాను. ఆ ఫోటోలో నా భుజాలు ఇప్పటికి ఒకటిన్నర రెట్లు. అంత భుజం మీద నప్పినవి ఇంత భుజం మీద ఎలా నప్పుతాయి? కొలత నిష్పత్తిది, అంకెది కాదు.

ఒక పని చేశాను. నైలాన్ మేజోళ్ల పాదం కత్తిరించి, కొలిచిన బియ్యం పోసి ముడి వేసి, మెత్తని బ్రాలో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. మొదటి రోజు 450 మిల్లీలీటర్లు. మెట్లు దిగుతుంటే పాదాలు కనబడటం లేదు! అది నాకు కొత్తేమీ కాదు, కానీ మళ్లీ ఆ చూపు వద్దనిపించింది. రెండో రోజు 350, మూడో రోజు 300. మూడో రోజు సాయంత్రం దాకా ఒంటి మీద బియ్యం ఉన్నాయన్నదే గుర్తురాలేదు.

రెండోసారి_బల్లమీద

బియ్యం పరీక్ష నేనూ చేశాను, నాకు అది అబద్ధమే చెప్పింది. బ్రా ఎత్తి పట్టుకుంటుంది కాబట్టి సాగిన చర్మం సంగతి అందులో తేలదు. బట్టల్లో ఎలా కనబడతానో చెబుతుంది తప్ప, బట్టలు తీశాక ఏమవుతుందో చెప్పదు.

అద్దం_అబద్ధం

ఒప్పుకుంటాను. బరువు అలవాటు కోసమే అది పనికొచ్చింది.

ఏమీ_పెట్టించుకోలేదు

మూడో దారి ఎవరూ చెప్పడం లేదు. నాది జీర్ణాశయాన్ని చిన్నది చేసే ఆపరేషన్‌తో బరువు తగ్గాక వచ్చిన సమస్య. చంక కింద, వీపు వైపు మిగిలిన చర్మం, కొవ్వు మడతను పారేయకుండా రొమ్ములోకి తిప్పి, అదే నిండుదనంగా కుట్టారు. ఇంప్లాంట్ లేదు. పిండి కొద్దీ రొట్టె అన్నారు, నా పిండికి వచ్చిన రొట్టె ఇంతే, చాలు. పైభాగంలో ఇప్పటికీ కొంచెం చప్పగానే ఉంటుంది, అదీ నిజం. తర్వాత ఒంట్లో వేరేచోట తీసిన కొవ్వు కాస్త రొమ్ములోకి ఎక్కించుకున్నాను, అందులో కొంత శరీరం పీల్చేసుకుంది.

ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. పెట్టించుకుని ఎన్నేళ్లయితే సమస్యలకు అంత అవకాశం. సిలికాన్ రకం చప్పుడు చేయకుండా చిరిగిపోవచ్చు కాబట్టి పెట్టించుకున్న 5, 6 ఏళ్లకు మొదటిసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి ఎంఆర్ఐ గానీ అల్ట్రాసౌండ్ గానీ చేయించుకోమని అమెరికా ఎఫ్‌డీఏ చెబుతోంది. 2021 అక్టోబరులో ఇంప్లాంట్ల సమాచారపత్రంలో నల్లగీతల గడిలో ముద్రించే హెచ్చరిక కూడా తప్పనిసరి చేసింది. అరుదైన ఒక లింఫోమాతో (రోగనిరోధక వ్యవస్థకు వచ్చే క్యాన్సర్‌తో) సంబంధం బయటపడి 2019 జులైలో బయోసెల్ అనే గరుకు రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది.

నిండుగానే

ఆవిడ అడిగింది సైజు గురించి. పెట్టించుకోవాలా వద్దా అని కాదు.

ఏమీ_పెట్టించుకోలేదు

సున్నా కూడా ఒక సైజే కదండీ.

గడపలో_వెన్నెల

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. టేపు పట్టుకుని కూర్చున్నాను. కుడి రొమ్ము అడుగు 12.5 సెంటీమీటర్లు. మెడ కింది గుంట నుంచి చనుమొనకు 29. చనుమొన మడతకు మూడు సెంటీమీటర్లు కింద ఉంది, నేలనే చూస్తోంది. పైన వేళ్ల మధ్యకు వచ్చిన మందం ఒకటిన్నర.

నిన్న రెండో సర్జన్ దగ్గరికి మళ్లీ వెళ్లి ఒకే ప్రశ్న అడిగాను. ‘లిఫ్ట్ లేకుండా 450 పెడితే ఈ చనుమొన ఎన్ని సెంటీమీటర్లు పైకి వస్తుంది?’ కలం తీసి కాగితం మీద గుండ్రంగా ఒక గీత గీశారు. కాసేపు దాన్నే చూశారు. ‘కొంత వస్తుంది’ అన్నారు. ఎంత అని మళ్లీ అడిగితే, కావాలంటే ఆరు నెలల తర్వాత చిన్న లిఫ్ట్ చేసుకోవచ్చన్నారు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ మాట లేదు.

కొలతల_పుస్తకం

29, మడతకు మూడు కింద అంటే లిఫ్ట్ లేకుండా అయ్యే పని కాదని నేననుకుంటున్నాను. 12.5 అడుగుకు మధ్యస్థంగా పొడుచుకొచ్చే రకం 450 పట్టదు, దాని వ్యాసం సాధారణంగా 13 దాటుతుంది. పట్టించాలంటే బాగా ముందుకు పొడుచుకొచ్చే రకం తీసుకోవాలి, ఒకటిన్నర సెంటీమీటర్ల మందం ఉన్న చర్మం కింద అది బంతిలా కనబడుతుంది. మొదటి సర్జన్ చెప్పిన 250 కూడా రాసిపెట్టినదేమీ కాదు. ఆ వెడల్పుకు అంతకన్నా ఎక్కువ పట్టే రకాలున్నాయి, 300 దాటి కూడా. బేరమాడాల్సింది అక్కడ.

బరువు నిలకడగా ఉందన్నారు, మంచిది. ఆపరేషన్‌కు ముందు రక్తంలో ఐరన్, ప్రొటీన్, విటమిన్లు చూపించుకోండి. బాగా తగ్గినవాళ్లలో గాయం మానకపోవడానికి అదొక కారణం. పొగ అలవాటుంటే సర్జన్ ఇచ్చే గడువు కన్నా ముందే మానండి.

గడపలో_వెన్నెల

పొగ లేదండి. మొదటి సర్జన్‌తో మాట్లాడాను. ముందు లిఫ్ట్, నాలుగైదు నెలల తర్వాత ఇంప్లాంట్. అప్పటి కొలతలు చూసి 300 పైన ఎక్కడ ఆగాలో నిర్ణయిద్దాం అన్నారు. పెద్దగా కావాలనే కోరిక పోలేదు, చెప్పొద్దూ.

నిండుగానే

పోనక్కరలేదు. 350 కూడా పడుతుందేమో అప్పుడు అడగండి, ఆయనంతట ఆయన చెప్పరు.

గడపలో_వెన్నెల

అడుగుతాను.

కొలతల_పుస్తకం

ఎడమ వైపు కొలిచారా? మీరు రాసింది కుడి వైపు మాత్రమే.

గడపలో_వెన్నెల

ఇప్పుడే కొలిచాను. 12. చనుమొన కూడా ఒక సెంటీమీటరు ఎక్కువ కిందికి ఉంది. ఇన్నేళ్లలో ఇది ఎప్పుడూ చూసుకోనే లేదు.

కొలతల_పుస్తకం

దాదాపు అందరికీ అలాగే ఉంటుంది. రెండు వైపులకూ ఒకే అంకె అనుకోకండి, ఆ సంగతి కూడా కాగితం మీద రాసుకుని వెళ్లండి.