పెన్‌విత్ గ్యాలరీ చీలిక: మూడు గ్రూపుల నియమం తప్పా, ఒప్పా?

తెల్లగోడ:
ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ తీరాన సెయింట్ ఐవ్స్ అని చేపల రేవు ఒకటుంది, చిన్న ఊరు. 1949లో అక్కడి చిత్రకారులు, శిల్పులు, కుండలు చేసేవాళ్లు కలిసి పెన్‌విత్ సొసైటీ పెట్టుకున్నారు. గ్యాలరీని తామే నడిపారు. ఏడాది తిరిగీ తిరక్కముందే ఒక నియమం తెచ్చారు: సభ్యులంతా ఎ, బి, సి గ్రూపుల్లో ఏదో ఒకదాంట్లో ఉండాలి. ఎ సంప్రదాయ చిత్రకారులది, బి ఆధునికులది, సి చేతిపనివాళ్లది. దానిమీద గొడవై కొందరు రాజీనామా చేశారు. నా లెక్కలో ఆ నియమమే గ్యాలరీని బతికించింది. మీరేమంటారు?

రంగులపెట్టె:
తెల్లగోడ గారూ, నేను ఒప్పుకోను. ఆ నియమం తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే అంతకుముందు ఏం జరిగిందో చూడాలి.

ఆ ఊళ్లో అప్పటికే ఒక పాత సంఘం ఉంది. 1927లో పుట్టిన సెయింట్ ఐవ్స్ సొసైటీ ఆఫ్ ఆర్టిస్ట్స్. సముద్రం, పడవలు, రేవు దృశ్యాలు వేసేవాళ్లదే అందులో పెత్తనం. యుద్ధం అయిపోయాక వాళ్ల గ్యాలరీ ఒక పాత చర్చిలోకి మారింది. కొత్తరకం బొమ్మలు వేసేవాళ్లకు అందులో ఇచ్చిన చోటు ఏదో తెలుసా? బాప్తిస్మపు తొట్టి ఉన్న మూల. అక్కడ వెలుతురు సరిగ్గా పడదు. బొమ్మను తిరస్కరించరు, తీసుకుంటారు, కానీ ఎవరికీ కనబడని చోట తగిలిస్తారు. చిత్రకారుడికి ఇంతకన్నా అవమానం ఉండదు. తిరస్కరిస్తే కనీసం దెబ్బలాడొచ్చు!

అందుకే పీటర్ లాన్యన్, స్వెన్ బెర్లిన్, జాన్ వెల్స్ లాంటి కుర్రవాళ్లు 1946లో అదే చర్చి కింది నేలమాళిగలో సొంత ఎగ్జిబిషన్ పెట్టారు. క్రిప్ట్ అంటే చర్చి నేలమాళిగ, క్రిప్ట్ గ్రూప్ అన్న పేరు అలా వచ్చింది. పాత సంఘంలో వీళ్ల వైపు నిలబడిన పెద్దమనిషి బోర్లేస్ స్మార్ట్ 1947లో పోయారు. ఆ తర్వాత రెండేళ్లు తిరక్కుండానే చీలిక వచ్చి పెన్‌విత్ పుట్టింది. శిల్పి బార్బరా హెప్‌వర్త్, చిత్రకారుడు బెన్ నికల్సన్, కుండల బెర్నార్డ్ లీచ్ అందరూ స్థాపక సభ్యులే. తొలి అధ్యక్షుడు విమర్శకుడు హెర్బర్ట్ రీడ్.

మూల వద్దని బయటికొచ్చినవాళ్లు మళ్లీ మనుషుల్ని గళ్లలో కూర్చోబెట్టారు. నా బాధ అదే. లాన్యన్ ఆ ఊళ్లోనే పుట్టినవాడు. అతని బొమ్మల్లో ఆ కొండలు, గనులు, సముద్రం ఉంటాయి. అలాగని చూసినవి చూసినట్టు వేయడు. అతను ఎ ఆ, బి ఆ? 1950లో రాజీనామా చేసి వెళ్లిపోయాడు. బెర్లిన్ కూడా అంతే.

తెల్లగోడ:
చీకటి మూల సంగతి నిజమే, అన్యాయమే. కానీ గ్రూపులు లేకపోతే ఏమయ్యేది? హెప్‌వర్త్, నికల్సన్‌లకు అప్పటికే లండన్‌లో పేరుంది. వాళ్ల మాటకు ఎదురు చెప్పేవాళ్లెవరు? గ్రూపుకిన్ని సీట్లని కమిటీలో ఉంటే ల్యాండ్‌స్కేప్ వేసుకునే మామూలు చిత్రకారుడికీ ఒక ఓటు దక్కుతుంది. అమెరికాలో ప్రావిన్స్‌టౌన్ చూడండి. అదీ సముద్రపొడ్డు చిన్న ఊరే. 1914లో పెట్టుకున్న ఆర్ట్ అసోసియేషన్‌లో ఇదే తగాదా. 1927 నుంచి పదేళ్లపాటు ఆధునికులకు వేరే ఎగ్జిబిషన్, సంప్రదాయవాదులకు వేరే ఎగ్జిబిషన్ పెట్టుకున్నారు. సంఘం నిలబడింది.

మట్టిపని:
ఒక్క మాట. సి గ్రూపు గురించి ఎవరూ మాట్లాడరేం? చిత్రకారుల సంఘాల్లో కుండకు బల్ల మీద చోటిస్తే గొప్ప. ఇక్కడ కుండ చేసేవాడికి పెయింటర్‌తో సమానంగా ఓటు వచ్చింది. ఆ ఒక్క కారణానికి నేను తెల్లగోడ గారి వైపు.

రంగులపెట్టె:
మట్టిపని గారి మాటకు విలువిస్తాను. కానీ లీచ్ స్థాపక సభ్యుడిగా ఉన్నది ఆ నియమం రాకముందే. గౌరవం దక్కింది ఆయన పనికి. దానికి సి అన్న అక్షరం అక్కర్లేదు.

ప్రావిన్స్‌టౌన్‌లో విడగొట్టింది ఎగ్జిబిషన్లని. పెన్‌విత్‌లో విడగొట్టింది మనుషుల్ని. ఎగ్జిబిషన్ నెలకో రెండు నెలలకో అయిపోతుంది, మనిషి మీద వేసిన ముద్ర అలా పోదు. పైగా బొమ్మలు వేసేవాడు మారతాడు. ఇవాళ పడవలు వేసినవాడు రేపు వట్టి గీతలు వేయొచ్చు. గ్రూపు మారాలంటే కమిటీని అడగాలా?

పేరున్నవాళ్ల పెత్తనం భయం నాకూ ఉంది. దానికి వేరే దారి ఉంది. 1874లో పారిస్‌లో చిత్రకారులు మోనే, డెగా, పిసారో వాళ్లు ఒక సంఘం పెట్టుకుని, తమ తొలి ఎగ్జిబిషన్‌కు బొమ్మల్ని సైజులవారీగా వేరుచేసి, ఏది ఎక్కడ అన్నది చీటీలు వేసి తేల్చుకున్నారు. అక్కడ పేరు పనిచేయదు.

తెల్లగోడ:
ఆ సంఘం అదే ఏడాది డిసెంబరులో అప్పులపాలై మూతపడింది కదండీ.

రంగులపెట్టె:
అవును, కానీ మూతపడింది చీటీల వల్ల కాదు, డబ్బుల్లేక. అదే గుంపు 1876లో మళ్లీ లేచి, 1886 నాటికి మొత్తం ఎనిమిది ఎగ్జిబిషన్లు పెట్టింది. పెన్‌విత్ కూడా బతికింది, కాదనను. 1961లో పిల్చర్డ్ చేపలు ప్యాక్ చేసే పాత ఫ్యాక్టరీలోకి మారి అక్కడే స్థిరపడింది. కానీ నియమం వల్లే బతికిందని మీరంటున్నారు. లాన్యన్ లాంటివాణ్ని పోగొట్టుకుని కూడా బతికిందని నేనంటాను. అతను 1964లో గ్లైడర్ (ఇంజన్ లేని విమానం) ప్రమాదంలో చనిపోయాడు, నలభై ఆరేళ్లకే. ఆ పద్నాలుగేళ్లలో అతను వేసిన పెద్ద పెద్ద బొమ్మలకు సొంత ఊళ్లో, తాను నిలబెట్టిన గ్యాలరీలోనే గోడ దొరికి ఉండాల్సింది.